పొడుగుమూతి బండి

ఫిబ్రవరి 4

అక్కా,

నువ్వు కులాసా అని నేను అనుకుంటాను, నేను కులాసా అని నువ్వు అనుకో. ఆ సంగతులు అయిపోయాయి కాబట్టి అసలు విషయానికి వస్తాను.

నిన్న సాయంత్రం టీ కొట్టులో బావ మళ్లీ ఆ స్పానర్ల జోకు వేశాడు. రెండేళ్ల కిందట లాగుడు పోటీలో కప్పు తీసుకుంటూ మైకులో అన్నాడే, అదే. "బండి మొత్తం నేనే కట్టాను. మా ఇంటావిడ స్పానర్లు అందించింది. పదిహేడు నంబరు అడిగితే పంతొమ్మిది ఇచ్చేది." అప్పుడు మైదానం నవ్వింది. నిన్న టీ కొట్టు నవ్వింది. నన్ను చూసి, "ఏరా బామ్మర్దీ, తప్పా?" అన్నాడు. గబుక్కున టీ తాగి నాలుక కాల్చుకున్నాను.

ఆ నీలం ట్రాక్టరుని రేకుల షెడ్డులో విప్పి బిగించింది ఎవరో నాకు తెలుసు. నువ్వు ఆ ఇంట్లోంచి వచ్చేశాక దాన్ని చూసే దిక్కు లేదు. నల్లటి పొగ కక్కుతోంది. పోయిన పోటీలో సగం దూరంలోనే ఆగిపోయింది. "ముసలిదైపోయింది, ఇంకోటి చూస్తున్నా" అని బావే చెప్పుకుంటున్నాడు.

అందుకని మే నెల పోటీలో నేనూ దిగుతున్నాను. బావని అదే మైదానంలో ఓడిస్తాను. పోటీ పాత వ్యవసాయ ట్రాక్టర్లకే కాబట్టి మూడు చూసి పెట్టాను. ఒకటి కలప డిపో వెనక ఉన్న పొడుగుమూతిది. ఆరు సిలిండర్లు, స్టార్ట్ చేస్తే కిటికీలు అదురుతాయి. రెండోది ఇటుక బట్టీ దగ్గరున్న బూడిదరంగు పొట్టిది. మూడోది డెయిరీ వాళ్లది, బురదలో ఇరుసు దాకా దిగబడి ఉంది. నువ్వు ట్రాక్టర్ల డిపోలో పార్టులు ఇచ్చే మనిషివి. ఏది పనికొస్తుందో చెప్పు.

ఉత్తరం ఎప్పటిలాగే టీ కొట్టు అడ్రసుకి పంపు. పోస్టుమాన్ వచ్చే వేళకి నా వెల్డింగ్ షాపులో కంటే అక్కడే దొరుకుతాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 12

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఒక సంగతి. అతన్ని బావ అని రాయకు. తాళం మార్చేశాక పాత తాళంచెవి జేబులో వేసుకు తిరగడం ఎందుకు?

ఇక బండి. లాగుడు పోటీ అంటే పరుగు పందెం కాదు. నీ వెనక కొక్కానికి కట్టే బరువు బండి బయల్దేరేటప్పుడు తేలిగ్గానే ఉంటుంది. నువ్వు ముందుకు పోయే కొద్దీ దాని మీది బరువు పెట్టె జరుగుతూ జరుగుతూ వచ్చి నీ మెడ మీద కూర్చుంటుంది. అప్పుడు ముందు చక్రాలు నేల వదులుతాయి. పొట్టి బండి అయితే గుర్రంలా వెనక్కాళ్ల మీద నిలబడుతుంది. కాబట్టి బూడిదరంగుది వదిలెయ్. బురదలో ఉన్నదాని జోలికి అసలు పోకు. దానికి పార్టులు చెయ్యడం ఎప్పుడో మానేశారు. మా స్టోరులో దాని అరలో ఇప్పుడు మేనేజరు గొడుగు పెట్టుకుంటున్నాడు.

మిగిలింది పొడుగుమూతిది. అలాంటి ఇంజిను మళ్లీ పుట్టదు. మూతి బరువు కాబట్టి ముందు భాగం లేవదు. దాని ముందు నీలం బండి ఒక కుట్టుమిషను. అది ఎవరి చేతికి వస్తే ఈ ఏడు కప్పు వాళ్లదే. నేను ఊరికే దేన్నీ పొగడనని నీకు తెలుసు.

అయితే తొందరపడకు. దాన్ని కొనే స్తోమత ఇప్పుడు నీకు లేదు. నెలాఖరు దాకా ఆగు, తర్వాత చూద్దాం.

మరదలు కుట్టి పంపిన పని కోటు సరిపోయిందని చెప్పు. పెద్ద స్పానరు కూడా జేబులో పడుతోంది.

అక్క


ఫిబ్రవరి 21

అక్కా,

కొనేశాను!

నీ ఉత్తరం టీ కొట్టులో పైకి చదివాను. నా అలవాటు తెలిసిందే కదా. కొట్టు పెద్దాయనకి కళ్లద్దాలు ఎప్పుడూ దొరకవు, ఎవరి ఉత్తరం వచ్చినా నేనే చదివి పెట్టాలి. "ఈ ఏడు కప్పు వాళ్లదే" అన్న చోటికి రాగానే మూల బల్ల దగ్గరున్న బావ డ్రైవరు టీ సగంలో వదిలేసి లేచాడు. ఆ గ్లాసు చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. మిగతా ఉత్తరం జేబులో కుక్కుకుని సైకిలెక్కాను.

బావ జీపు కలప డిపో గేటు దగ్గరికి వచ్చేసరికి నేనూ డిపో ఆసామీ బేరం కుదుర్చేసుకున్నాం. బండికి మారుగా నా పెద్ద వెల్డింగ్ మిషను ఇచ్చాను. చిన్నది ఉంది, గేట్లూ కిటికీలూ దానితో అవుతాయి. పెద్ద పనులు పోతే పోయాయి. నీ మాట కంటే ఎక్కువా?

"తొందరపడకు" అన్న ముక్క ఇంటికొచ్చాక చదివాను. అప్పటికి పొడుగుమూతి మా గుమ్మం ముందు ఉంది.

మా ఆవిడ ఉత్తరం తిరగేసి తిరగేసి చదివి, "వదిన ఈ బండిని ఇంత పొగిడిందేమిటి? పెళ్లయిన కొత్తలో నన్నే ఇంత పొగడలేదు. ఇందులో ఏదో ఉంది" అంది. ఆడవాళ్లకి అన్నీ అనుమానాలే. నువ్వు అలా కాదు.

నీ తమ్ముడు


మార్చి 1

తమ్ముడూ,

ఆగమన్నాను.

ఈ ఉత్తరం ఇంటి అడ్రసుకి రాస్తున్నాను. టీ కొట్టుకి తీసుకెళ్లకు.

ఆ బండిని విప్పొద్దు, రంగు వెయ్యొద్దు, దానితో పోటీలో దిగొద్దు. ఎవరైనా వచ్చి మారకం అడిగితే కాదనకు. ముఖ్యంగా అతనే వస్తే, ఏం ఇస్తానంటే అది తీసుకో. ఎందుకని అడగకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు.

అక్క


మార్చి 2

అక్కా,

నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు లేదు. సంతోషంతో మాట రావడం లేదనుకుంటున్నాను. ఇది విని ఇంకా సంతోషించు.

నిన్న బావ స్వయంగా మా ఇంటికొచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, మూతి మీద చెయ్యి వేశాడు, ఆఖరికి బయటపడ్డాడు.

"బామ్మర్దీ, నీకెందుకురా ఇంత బండి? నా నీలం దాన్ని తీసుకో, ఇది నాకియ్యి. బండికి బండి."

"నీ బండి నీ నెత్తిన పెట్టుకో బావా."

"పొగ వస్తోందనా? ఎవడికైనా చూపిస్తే పోతుంది. కప్పులు గెలిచిన బండిరా అది."

"గెలిచింది బండీ కాదు, నువ్వూ కాదు. స్పానర్లు అందించినావిడ."

వీధి వీధంతా విన్నది. ఎదురింటి ముసలాయన చెవిలో మిషను పెట్టుకుని మరీ బయటికొచ్చాడు. బావ మొహం మాడిపోయి జీపెక్కాడు. పోయిన నెల కాల్చుకున్న నాలుక ఇవాళ్టికి చల్లబడిందక్కా.

నీ తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది స్టోరులో నిలబడి చదివాను. చదివాక ఒక రైతుకి అడిగింది కాక వేరే బేరింగు ఇచ్చి పంపాను. ఆయన గేటు దాటకముందే గుర్తొచ్చి వెనక్కి పిలిచాను. నా ఉద్యోగంలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఇక నీకు నిజం చెప్పక తప్పదు.

పొడుగుమూతి ఇంజిను మంచిదే. వెనక భాగం పనికిరాదు. కంపెనీవాళ్లు చిన్న బండి వెనక భాగానికే ఆరు సిలిండర్ల ఇంజిను తగిలించి అమ్మారు. ఇంజిను బలాన్ని వెనక చక్రాలకి అందించే క్రౌన్ చక్రం ఒకటుంటుంది. ఆ బండిలో దాని పళ్లు అంత బలానికి ఆగవు. ఆ మోడలుకి క్రౌన్ చక్రాలు ఈ చుట్టుపట్ల మా స్టోరులో తప్ప దొరకవు, నేను అవి ఇవ్వని నెల లేదు. దున్నితేనే ఊడతాయి. బరువు బండి కడితే చెప్పేదేముంది?

నీలం బండిలో నేను పెద్ద మోడలు క్రౌన్ వేశాను. అతను క్లచ్ మెల్లగా వదలడు, ఒక్క తన్ను తన్నినట్టు వదులుతాడు. చెబితే వినడు. కాబట్టి వినని మనిషికి తట్టుకునేలా బండిని కట్టాను. ఆ వెనక మూత అతను ఏనాడూ విప్పలేదు. అందుకని తనొక గొప్ప డ్రైవరునని నమ్ముతున్నాడు.

నా ఉత్తరం నువ్వు పైకి చదువుతావు, అది అతని చెవిన పడుతుంది, అతను పొడుగుమూతి కొంటాడు. అతని షెడ్డులో రెండు బండ్లకి చోటు లేదు కాబట్టి నీలం దాన్ని అమ్మకానికి పెడతాడు. దాన్ని వేరే మనిషి చేత నేను కొనిపిస్తాను. మే నెలలో అతను అందరి ముందూ క్లచ్ తంతాడు, పళ్లు ఊడతాయి. ఇదీ అనుకున్నది. పథకంలో తప్పు ఒక్కటే, నువ్వు సైకిలు తొక్కుతావని ఊహించలేదు.

పైగా నేను కోరిన బండి నీ వాకిట్లోకి వస్తానంటే తిట్టి పంపావు.

నాకు కప్పు అక్కర్లేదు. పదిహేడు అడిగితే పంతొమ్మిది ఇచ్చానన్నాడు. ఆ మాట అదే మైదానంలో అతను మింగాలి.

చదివి కాల్చెయ్.

అక్క


మార్చి 27

అక్కా,

కాల్చలేదు.

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు పెన్ను ముట్టబుద్ధి కాలేదు. మా ఆవిడ "నేను ముందే చెప్పాను" అనలేదు. అనకుండా ఇంట్లో తిరిగింది. అది ఇంకా కష్టం.

అతను నిన్ను స్పానర్లు అందించే మనిషిని చేశాడు. నువ్వు నన్ను మైకుని చేశావు. నీ మాట నమ్మి అన్నం పెట్టే మిషను ఇచ్చేస్తే "పథకంలో తప్పు" అని రాశావు. ఆ ముక్క చదివినప్పుడు బావ మీద కంటే నీ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

కోపంలో ఏం చేశానో విను. నీ ఉత్తరం టీ కొట్టుకి తీసుకెళ్లి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివాను. "చదివి కాల్చెయ్" అన్నది కూడా చదివాను.

ఒక్కడూ నమ్మలేదు.

కొట్టు పెద్దాయన గ్లాసులు కడుగుతూ, "ఒరేయ్, కాల్చమన్న ఉత్తరం ఎవడైనా బజార్లో చదువుతాడా? ఇది బజార్లో చదవడానికి రాసిందే" అన్నాడు. బావ అక్కడే ఉన్నాడు. పడి పడి నవ్వాడు. "బండికి బండి అడిగానని మీ అక్కకి గుబులు పట్టుకుంది. నన్ను బెదరగొట్టడానికి ఈ పళ్ల కథ అల్లింది. మొదట రాసిందే నిజం."

"బావా, నిజంగానే ఊడతాయి. వెనక మూత విప్పి చూసుకో" అన్నాను.

"నీకేం తెలుసురా? బండ్ల సంగతి ఆవిడకి తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఎవడికీ తెలియదు. ఆవిడ ఊరికే ఒక బండిని పొగడదు."

గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. తనేమన్నాడో తనకి తెలియలేదు. పెద్దాయన మాత్రం నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

మర్నాడు పొద్దున్నే నీలం బండి మా గుమ్మం ముందుకు వచ్చింది. నేను ఎక్కడ మనసు మార్చుకుంటానోనని తన షెడ్డులోని పెద్ద వెల్డింగ్ మిషను కూడా దింపించాడు. మా ఆవిడ ముందు, డ్రైవరు ముందు మళ్లీ చెప్పాను, "క్రౌన్ పళ్లు బావా" అని. "సరేలేరా" అని పొడుగుమూతి ఎక్కి వెళ్లిపోయాడు.

నేను అబద్ధం ఆడలేదు. అది గుర్తుపెట్టుకో. ఇప్పుడు నీలం బండి నాది. మేలో నేనే నడుపుతాను. ఏం చెయ్యాలో రాయి. ఈసారి నిజం రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 5

తమ్ముడూ,

అతను టీ కొట్టులో అన్న ఆ మాట మళ్లీ ఒకసారి రాసి పంపు. ఎవరెవరు విన్నారో కూడా రాయి.

నా మాట నమ్మి కప్పులు గెలిచిన బండిని వదులుకున్నాడంటే, దాన్ని ఎవరు కట్టారో అతనికి మొదటినుంచీ తెలుసన్నమాట. నిజంగా తనే కట్టాననుకుంటున్న వెర్రివాడైతే వదిలేసేదాన్నేమో. తెలిసే అన్నాడు. తెలిసే జనాన్ని నవ్వించాడు.

మైకు అన్న నీ మాట మళ్లీ మళ్లీ చదివాను. నీ మిషను పోతుందని ముందే తెలిస్తే ఆ ఉత్తరం రాయకుండా ఉండేదాన్నా అంటే, ఏమో. నిజం రాయమన్నావు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఇక పని. పొగ ఎందుకంటే, అతను పంపుని కదిలించి డీజిల్ ఎక్కువ పోయేలా తిప్పాడు. ఎక్కువ తాగిస్తే ఎక్కువ లాగుతుందనుకునే రకం. పంపు మీద నేను గీసిన సన్నటి గీత ఉంటుంది, ఇంజిను మీద ఇంకో గీత ఉంటుంది. రెండూ కలిపి బిగించు. డీజిల్ మరని వెనక్కి తిప్పుతూ పో, పొగ పలచబడగానే ఆపు. ముందు వేలాడదీసే బరువులకి చట్రం నువ్వే వెల్డు చెయ్యి, ఆ పని నాకంటే నీకు బాగా వచ్చు. వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గించు. బరువు బండికి కట్టిన గొలుసు బిగుసుకునే దాకా క్లచ్ మెల్లగా వదులు, నిద్రపోయిన పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు. గొలుసు బిగిశాక అప్పుడు యాక్సిలరేటరు తొక్కు.

పోటీకి నేను రాను. నేను మైదానంలో కనిపిస్తే ఆ పళ్లు ఊడింది నా చేతి వల్లేనంటాడు. అతనికి ఆ సాకు కూడా దొరక్కూడదు.

అక్క


మే 18

అక్కా,

వరసగా రాస్తాను.

బావ పొడుగుమూతికి ఎర్ర రంగు వేయించాడు. స్టార్ట్ చెయ్యగానే జనం చప్పట్లు కొట్టారు. నేను తాడు ఇవతల నిలబడి చూస్తున్నాను. గొలుసు ఇంకా వదులుగానే ఉంది. క్లచ్ తన్నాడు. బండి ఒక్క ఎగురు ఎగిరింది. వెనక భాగంలోంచి రాళ్లు నమిలినట్టు చప్పుడు వచ్చింది. ఇంజిను అరుస్తూనే ఉంది, చక్రాలు తిరగలేదు. బరువు పెట్టె ఉన్నచోటు నుంచి కదలనే లేదు. కింద నూనె మడుగు కట్టింది.

దాన్ని పక్కకి తీస్తేగాని పోటీ సాగదు. దగ్గర్లో స్టార్టై ఉన్నది నీలం బండే. "ఎవరైనా ఈడ్చండయ్యా" అని మైకులో అరిచారు. నేనే ఈడ్చాను. బావ స్టీరింగు పట్టుకుని నా వెనకే వచ్చాడు.

నా వంతు వచ్చినప్పుడు నువ్వు చెప్పినట్టే పసిపిల్లని పడుకోబెట్టాను. ఆఖరి గీత దాటలేదు, దాని ముందు ఆగిపోయాను. కానీ అంత దూరం ఇంకెవరూ రాలేదు.

కప్పు ఇచ్చేటప్పుడు, "బండి ఎవరు కట్టారు?" అని అడిగి మైకు నా చేతికిచ్చారు. నా నోరు నీకు తెలుసు, పొద్దుగూకే దాకా చెప్పగలను. చెప్పలేదు. మైకు పట్టుకుని బావ దగ్గరికి నడిచాను. పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"నాకంటే నీకే బాగా తెలుసు బావా. నువ్వే చెప్పు."

నువ్వు వద్దన్నా ఆ పూట బావా అనే పిలిచాను. కావాలనే.

నోటి దగ్గర మైకు పెట్టాను. మైదానం మొత్తానికి అతని ఊపిరి వినిపించింది. టీ కొట్టు పెద్దాయన జనంలోంచి అరిచాడు, "మా కొట్టులో చెప్పావు కదయ్యా, ఇక్కడ కూడా చెప్పు!" జనం నవ్వారు. అప్పుడన్నాడు, "ఆవిడే" అని. వెంటనే మైకుని తోసేశాడు గానీ, అప్పటికే అన్ని స్పీకర్లలోంచి పోయింది.

ఆ నవ్వు రెండేళ్ల కిందటి నవ్వు లాంటిదే. నేను రెండూ విన్నాను.

నీ మీద కోపం పోయిందా అని మా ఆవిడ అడిగింది. సగం పోయింది. మిగతా సగం నువ్వు వచ్చి మా ఇంట్లో భోంచేసినప్పుడు చూద్దాం.

నీ తమ్ముడు


మే 29

తమ్ముడూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం స్టోరులో పైకి చదివాను. మేనేజరు, మెకానిక్కులు, డీజిల్ ట్యాంకరు డ్రైవరు విన్నారు. "ఆవిడే" అన్న చోట ఆగి మళ్లీ చదివాను. ఆ జబ్బు మన ఇంట్లో నీ ఒక్కడికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

వచ్చే నెల వస్తాను. నీలం బండి నీ దగ్గరే ఉంచు. దానికి క్లచ్ ప్లేటు మార్చాలి, నేనే తెస్తాను.

నిన్న అతని డ్రైవరు మా కౌంటరు దగ్గరికి వచ్చాడు. నన్ను చూసి తలుపు దగ్గరే తచ్చాడాడు. తర్వాత తల వంచుకుని వచ్చి చీటీ ఇచ్చాడు. పొడుగుమూతికి క్రౌన్ చక్రం. అతని చేతిరాతే. పళ్ల లెక్క ఉండాల్సిన దానికంటే రెండు తక్కువ వేశాడు. అది వేరే మోడలు చక్రం, ఆ బండికి బిగదు.

"ఇది సరిపోతుందంటారా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"చీటీ రాసిందెవరు?"

"అయ్యగారే."

"ఆయన బండి మొత్తం తనే కట్టుకునే మనిషి కదా. ఆయనకి తెలియదా?"

అరలోంచి చక్రం తీసి, నూనె తుడిచి, కాగితం చుట్టి ఇచ్చాను. ఏది అడిగితే అది అందించాను.

అక్క